ఊపిరి వదిలేటప్పుడు

ట్రేలో అద్దం, పట్టకారు, దూది ఉండలు వరుసగా పేర్చి, లూసీ కుర్చీ చేతులను రెండోసారి తుడుస్తోంది. అమెరికాలో, క్యారీ ఊళ్లోని ఆ పళ్ల ఆసుపత్రిని ఎనిమిదింటికి తెరుస్తారు. ఆమె ఏడున్నరకే వస్తుంది. పద్నాలుగేళ్లుగా అంతే. పొట్టి మనిషి, యాభై నాలుగేళ్లు, గ్లవ్స్‌లో నాని నాని తెల్లబారిన వేళ్లు. నోట్లో ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకునే మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

కుర్చీ పక్కన, మొన్నటిదాకా లేని తెల్ల అట్టపెట్టె ఒకటి కూర్చుంది. అందులో కళ్లకు తగిలించే హెడ్‌సెట్. భయపడే రోగులకు ఇకమీదట అదే ధైర్యం చెబుతుందట. "రేపు ఈవెనింగ్ మాట్లాడదాం ఆంటీ" అని డాక్టర్ కౌశిక్ నిన్న పోతూ పోతూ అన్నాడు. ఆ పెట్టె వచ్చాక ఈ కుర్చీ పక్కన తనకు చోటుంటుందా అన్నదే నిన్నటి నుంచి లూసీ బెంగ.

భయపడేవాళ్లను నిమ్మళపరచడం ఇన్నాళ్లూ ఆమె పని. ఎవరో ఇచ్చింది కాదు, నేర్చుకుని తెచ్చుకున్నది. రెండేళ్లపాటు ప్రతి శనివారం పక్కనున్న రాలీ నగరానికి వెళ్లి, ఒక లైబ్రరీ వెనక గదిలో ఒక ముసలామె దగ్గర హిప్నాటిజం నేర్చుకుంది. గొలుసు ఊపడం, కళ్లలోకి గుచ్చి చూడడం ఉంటాయనుకుని వెళ్తే అవేమీ లేవు. ఎదుటి మనిషి ఊపిరి చూడు, అది వదిలేటప్పుడే నీ మాట వెయ్యి అన్నది మొదటి పాఠం. అది పట్టుబడడానికే ఎనిమిది నెలలు పట్టింది. ఇంట్లో భర్త ఆనందబాబు మీద సాధన చేసేది. ఆయన రెండో మాటకే గురక పెట్టేవాడు. తనకు విద్య వచ్చిందో, ఆయనకు నిద్ర వచ్చిందో తేలేది కాదు. చర్చిలో స్నేహితురాలు షారన్ "దయ్యాల విద్య మనకెందుకక్కా" అని ఆమె కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది. లూసీ ఆ ప్రార్థనలో కూడా కళ్లు మూసుకుని పక్కవాళ్ల ఊపిరి వింటూ కూర్చుంది.

తొమ్మిదింటికి ఉమ తన తండ్రి బ్రహ్మయ్యను తీసుకొచ్చింది. డెబ్భై ఆరేళ్ల మనిషి. దవడ వాచిపోయింది. ఇదివరకు వేరేచోట రెండుసార్లు సూది చూసి కుర్చీలోంచి లేచి పోయాడు. ఉమ బయట కూర్చుంది. కౌశిక్ హుషారుగా పెట్టె విప్పి హెడ్‌సెట్ తీసి పెద్దాయన తలకు బిగించాడు.

"జస్ట్ వినండి తాతగారూ. ఫుల్ రిలాక్స్."

చెవుల దగ్గర నుంచి సన్నగా ఒక ఆడగొంతు బయటికి వచ్చింది. మెట్లు దిగమంటోంది, ఇసుకలో నడవమంటోంది, ఇంగ్లీషులో. లూసీ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు తనదే. పోయిన డిసెంబర్‌లో, కొత్తవాళ్ల ట్రైనింగ్ కోసమని చెప్పి, వెనక గదిలో కూర్చోబెట్టి కౌశిక్ ఈ మాటలున్న కాగితాలు చదివించాడు. ఇంకేదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది. ఆమె కొడుకు వయసువాడు, ఆంటీ అని పిలిచేవాడు. చదివి పెట్టాలని తోచలేదు.

"సముద్రం! తియ్యండమ్మా, తియ్యండి!" బ్రహ్మయ్య రెండు చేతులతో హెడ్‌సెట్ పీకేశాడు. "ఎటు చూసినా నీళ్లే. కార్తీక పున్నమి స్నానానికి పోయి మా తమ్ముడు ఆ నీళ్లలోనే పోయాడు."

కౌశిక్ వాచీ చూసుకున్నాడు. "ఫైవ్ మినిట్స్ ఆంటీ. మీరు ట్రై చేయండి" అని పక్కగదిలోకి వెళ్లాడు.

లూసీ స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఏ ఊరు బాబాయ్ మనది?"

"వేటపాలెం."

"మాది ఆ పక్కనే, పందిళ్లపల్లి. మగ్గం నేశారా?"

"పన్నెండో ఏట మగ్గం గుంటలోకి దిగా. అరవైకి లేచా."

బడి వదిలాక పక్కింట్లో నూలు కండెలు చుట్టిన పిల్ల లూసీ. ఆ గుంట చల్లదనం, గంజి వాసన ఆమెకు తెలుసు. పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, ఛాతీ దిగేదాకా ఆగింది.

"భయపడమాకండి. కాళ్లు గుంటలో పెట్టండి." మళ్లీ ఆగింది. "చల్లగా ఉంది." ఆగింది. "కుడికాలు తొక్కండి. పోగు పట్టుకుని నాడె అటు పోయింది. ఎడంకాలు. ఇటొచ్చింది."

మేజోళ్లలో ఆయన కాలివేళ్లు ఒకదాని తర్వాత ఒకటి కదలసాగాయి. బిగుసుకున్న పిడికిళ్లు విడిపోయాయి. కౌశిక్ వచ్చి సూది దించాడు. బ్రహ్మయ్య కనుబొమ్మ కూడా కదలలేదు. చిగురు మొద్దుబారింది, పన్ను ఊడింది. ఆయన నేస్తూనే ఉన్నాడు.

ఉమ లోపలికి వచ్చి కళ్లు తుడుచుకుంది. "ఎలా చేశారు డాక్టర్ గారూ!"

"కొత్త టెక్నాలజీ అండీ" అని కౌశిక్ హెడ్‌సెట్ ఎత్తి చూపించాడు. అతనికి సిగ్గయినా వెయ్యలేదు. నోట్లో దూది ఉన్న బ్రహ్మయ్య ఊఁ ఊఁ అంటూ లూసీ వైపు వేలు చూపిస్తే, నీళ్లు కావాలేమో అనుకుంది ఉమ. లూసీకి అరికాలి మంట నెత్తికెక్కింది. మాస్కు వెనక పళ్లు బిగపట్టి ట్రే ఎత్తుకుని పోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్లీ పెట్టేసింది.

ఐదింటికి కౌశిక్ తన గదికి పిలిచాడు.

"మండే నుంచి కుర్చీ దగ్గర న్యూ అసిస్టెంట్ సాయి ప్రియ ఉంటుంది. మీరు స్టెరిలైజేషన్ రూమ్‌లో ఉంటారు. టైమింగ్స్ సేమ్."

పనిముట్లు కడిగే గది. కిటికీ కూడా లేని గది.

"ఇంకోటి ఆంటీ. మార్నింగ్ మీరు తెలుగులో చెప్పారు కదా, మగ్గం అదీ. సూపర్. ఫ్రైడే రికార్డ్ చేద్దామా? తెలుగు పేషెంట్స్ చాలా ఉన్నారు మనకి."

లూసీ గ్లవ్స్ ఊడదీసి చెత్తబుట్టలో వేసింది.

"ఆ పెట్టెకి మనిషి ఊపిరి కనపడుద్దా బాబూ?"

"వాట్?"

"కనపడదు. నా గొంతు ఒకసారి అబద్ధం చెప్పి తీసుకున్నావు. నిజం చెప్పి అడిగితే ఇచ్చేదాన్నే. ఇది మాత్రం ఇవ్వను."

"మీరు సైన్ చేశారు ఆంటీ."

"నిన్ను నమ్మి చేశాను. కాగితాన్ని కాదు."

చొక్కాకు ఉన్న పేరు బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. పద్నాలుగేళ్లలో ఆమె గొంతు పైకి లేచింది ఆ ఒక్కసారే. అదీ పెద్దగా ఏమీ లేవలేదు. తినని అన్నం డబ్బా, స్వెటర్ తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

కుర్చీ ఉన్న గది తలుపు తీసే ఉంది. ఖాళీ కుర్చీ మీద, ఆఖరి రోగికి పెట్టి తీశాక ఆపడం ఎవరికీ గుర్తులేని హెడ్‌సెట్‌లోంచి ఆమె గొంతే, ఎవరి ఊపిరి కోసమూ ఆగకుండా, అలలు చూడమని చెబుతూ పోతోంది.