మంచుకొండ మీద తుమ్ము

గాంధీనగర్‌లోని ఆ ఇంటి ముందు ఉగాది నుంచీ ఇటుకలు పడి ఉన్నాయి. ఇంటి నడిమధ్య గోడ లేపడానికి తెప్పించినవి. అన్నదమ్ములు సుబ్బరామి, వెంకటరామి వేరుపడాలనుకున్నారు. లారీలు పంచుకున్నారు, సొంతూరు మోకలోని పొలం పంచుకున్నారు, కడకు పెళ్లివంటల గుండిగలు కూడా పంచుకున్నారు. రోడ్డు వైపు భాగం ఎవరిదన్న దగ్గరికి వచ్చి ఆగిపోయారు. పంచాయితీకి మోక నుంచి పెద్దమనిషి కెంచప్పను పిలిపించారు. ఆయన వచ్చినప్పుడల్లా కడుపునిండా భోంచేసి, "ఆలోచన చేయాల్సిన విషయమే" అని బస్సెక్కేవాడు.

వాళ్ల తల్లి రామలక్ష్మమ్మ ఆ ఇటుకలు కనబడితే మొహం తిప్పుకునేది. ఆమె తోడబుట్టిన అక్క చెప్పకుండా రైలెక్కిపోయి మళ్లీ కనబడలేదు. మొగుడు ఒకనాడు లారీ స్టార్టు చేసి, తొందరలో "పోయొస్తా" అనకుండా "పోతాండా" అన్నాడు. అంతే, తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో కరివేపాకు కోసం వీధి చివరికి పోయేవాడైనా "పోయొస్తా" అనకుండా గడప దాటకూడదు. ఎవరైనా తుమ్మితే ఆగి, కూర్చుని, నీళ్లు తాగి మరీ బయల్దేరాలి.

అన్నదమ్ములిద్దరినీ రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. ఈ ఎండల్లో ఎవడు నడుస్తాడని వెంకటరామి టీవీకి తగిలించే ఆటపెట్టె ఒకటి కొన్నాడు. టీవీ మీది చిన్న కెమెరా మనిషి కదలికలు కనిపెడుతుంది. మనం కుడికి ఒరిగితే తెర మీద బొమ్మ కుడికి ఒరుగుతుంది, ఎడమకు ఒరిగితే ఎడమకు. ఆ బొమ్మ కాళ్లకు పలక కట్టుకుని మంచుకొండ మీంచి కిందికి జారుతుంది. ఫ్రిజ్ పైఅరలో తప్ప మంచు చూడని ఇద్దరు పెద్దమనుషులు, ఏసీ వేసుకుని, పంచెలు ఎగ్గట్టి, చేతులు చాపి హాల్లో ఊగడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే పందెం పుట్టింది. ఎవరు తక్కువసేపట్లో కొండ దిగితే రోడ్డు భాగం వాళ్లది!

"వకీలు కంటే ఇదే మేలప్పా," అన్నాడు కెంచప్ప, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని. తీర్పరి ఆయనే. ఆట నడిపేది వెంకటరామి కూతురు చంద్రిక.

మొదట సుబ్బరామి నిలబడ్డాడు.

"పోయొస్తా అను నాయనా," అంది రామలక్ష్మమ్మ.

"యాడికి పోతాండానమ్మా? ఈడనే కదా ఉండాను!"

"ఆ కొండ చూడు, ఒక్క మనిషి లేడు. అను."

"సరే. పోయొస్తా."

బొమ్మ బయల్దేరింది. సరిగ్గా అప్పుడే, ఏసీ గాలికి కెంచప్ప ఇల్లదిరేలా తుమ్మాడు.

"ఆగు! కూర్చో! నీళ్లు తాగి పో!" అని అరిచింది రామలక్ష్మమ్మ.

పుట్టినప్పటి అలవాటు. సుబ్బరామి ఉన్నవాడు ఉన్నట్టే గొంతుక్కూర్చున్నాడు. తెర మీద బొమ్మ కూడా మోకాళ్లు ముడుచుకుంది. ముడుచుకున్నాక అది ఆగుతుందా! రాయి దొర్లినట్టు సర్రున కొండ కిందికి పోయింది. సుబ్బరామి చెంబెత్తి నీళ్లు తాగుతుండగా గమ్యం చేరి, రెండు చేతులూ ఎత్తి గంతులేసింది.

"పెదనాన్నా, రికార్డు!" అని కేకేసింది చంద్రిక.

"ఏంది రికార్డు?" వెంకటరామి లేచాడు. "కూర్చొని నీళ్లు తాగేదీ ఒక ఆటేనా? ఇది మోసం!"

"తుమ్మింది కెంచప్ప మామ, కూర్చోమన్నది అమ్మ. నాదేముండాది రా?"

అందరూ తీర్పరి వైపు తిరిగారు. కెంచప్ప ముక్కు తుడుచుకుని కళ్లు మూసుకున్నాడు. "తుమ్ము మధ్యలో పోయిన ప్రయాణం చెల్లదు. రేపు మళ్లీ ఆడాల," అన్నాడు. తర్వాత వంటింటి వైపు చూసి, "అంతవరకూ నేను ఈడనే ఉంటా," అని కూడా చెప్పాడు.

ఆ రాత్రి రామలక్ష్మమ్మ హాయిగా నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం వెంకటరామి సగం కొండ దిగాడో లేదో ఆమె తుమ్మింది. ఆట చెల్లలేదు. ఆ మర్నాడు సుబ్బరామి గమ్యం దగ్గరి జెండాల వద్దకు వచ్చేసరికి మళ్లీ తుమ్మింది. కొంగుముడిలో ఉన్న నశ్యం డబ్బీ సంగతి ఎవరికీ తెలియదు. "వయసైనాక ఏసీ పడదప్పా," అని జాలిపడ్డాడు కెంచప్ప. రోజులు గడిచేకొద్దీ ఆయన ఒళ్లు చేశాడు. గోడ కట్టే మేస్త్రీ వచ్చిన రోజల్లా టీ తాగి, ఇటుకల మీద కూర్చుని కిటికీలోంచి ఆట చూసి పోతున్నాడు.

ఇలా ఎండాకాలం గడిచింది. ఒక సాయంత్రం సుబ్బరామి బొమ్మ చెట్టుకు గుద్దుకుని, లేచి, కుంటుతూ ఆలస్యంగా కొండ దిగింది. తర్వాత వెంకటరామి నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ గోడ వైపు తిరిగి డబ్బీ తెరిచింది. ఖాళీ. అరచేతిలో తట్టింది, వేలితో గీరింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తగరం వాసన తప్ప ఏమీ లేదు.

"నాయనా, బాగా ముందుండావు!" అని ఎగిరింది చంద్రిక.

బొమ్మ ఆఖరి మలుపు తిరిగింది. జెండాలు కనబడుతున్నాయి. రామలక్ష్మమ్మ ఖాళీ డబ్బీని కొంగున ముడేసింది. రేపు మేస్త్రీ టీ తాగి ఊరికే పోడు. గోడ లేస్తుంది. ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి పోవాలన్నా వీధిలోకి దిగి, "పోయొస్తా" అని చెప్పి పోవాలి. చెప్పకుండా పోయేవాళ్లు ఎందరో! ఆమె కళ్లు మూసుకుంది.

"హా... చ్!"

అది ముక్కులోంచి వచ్చిన తుమ్ము కాదు, గొంతులోంచి వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే తుమ్మినవాడు వెంకటరామే. జెండాలు రెండు బారల దూరంలో ఉండగా చేతులు దించేసి, దొంగలాగా కాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. తెర మీద బొమ్మ పక్కకొరిగి మంచులో కూరుకుపోయింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. అది నాటకమని ఒక్క మాట అంటే గెలుపు సుబ్బరామిదే. ఆయన లేచి వంటింట్లోకి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"చల్లగాలి పట్టినట్టుండాది. కూర్చో రా. తాగు."

వెంకటరామి కూర్చున్నాడు.

"చెల్లదు," అన్నాడు కెంచప్ప. "రాత్రికి ఏం వండుతాండారమ్మా?"