నలభయ్యో పేరు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు కతోవీత్సె నగరంలోని గుండ్రటి సభాభవనం ఉత్తర ద్వారం ముందు హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు: ఒకటి, ట్రామ్ నడిపే యాద్విగా. రెండు, మూడు, గ్లివీత్సె నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, ఆయన భార్య. నాలుగు, సెవెరిన్ గాల్కా, విశ్రాంత గని కార్మికుడు. ఐదు, లుద్విక్ వ్రోనా, అదే గనిలో సర్వేయరుగా పదవీ విరమణ చేసినవాడు. తరువాత వచ్చినవారి పేర్లన్నీ యాద్విగా నోటుబుక్కులో ఉన్నాయి.

ప్రతివారి చేతి మీదా నల్ల మార్కరుతో సంఖ్య వేయడం, రెండు గంటలకొకసారి పేర్లు పిలవడం, పలకనివారిని కొట్టివేయడం అక్కడి అభిమానుల ఆచారం. మాంసానికీ, చెప్పులకూ, పరుపులకూ రోజుల తరబడి బారులు తీరిన తరం నేర్పిపోయిన క్రమశిక్షణ అది. నియమాలు రాసుకోవలసి వచ్చినప్పుడు యాద్విగా వయసులో పెద్దవాడని లుద్విక్ వైపు తిరిగింది. ఆయన నిటారుగా నిలబడి మూడు నియమాలు చెప్పి రాయించాడు. ఒకరి బదులు మరొకరు పలకరాదన్నది వాటిలో రెండోది.

'గ్రే హార్బర్' సంగీత బృందానికి ఇదే చివరి పర్యటన. ఆ ఆంగ్లేయులు ఈ ఊరికి ఇదివరకు వచ్చింది ఒక్కసారే, 1984 డిసెంబరులో. గని యువజన సంఘానికి నలభై టికెట్లు ఇచ్చారు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, పేర్లు రాసి పూటపూటా పిలిచే జాబితా లుద్విక్ చేతికిచ్చారు. అందులో సెవెరిన్ నలభయ్యోవాడు, లుద్విక్ నలభై ఒకటోవాడు. టికెట్లు పంచే రోజు ఉదయం ఆరింటి పిలుపుకు సెవెరిన్ పలకలేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని పైకి వస్తుండగా గనిలో లిఫ్టు ఆగిపోయింది. అతని పేరు కొట్టివేశారు, ఆ టికెట్టు లుద్విక్‌కు దక్కింది. గనిలో అందరికీ తెలిసిన కథ ఇంతే. తెలియని భాగం నలభై ఏళ్ళుగా లుద్విక్ దగ్గరే ఉంది. ఈరోజు ఆ జాబితా రాసిన పాత నోటుబుక్కుతో పాటు కోటు జేబులో ఉంది.

ఈసారి టికెట్లు అందరికీ ఉన్నాయి, ముందు చోటు మాత్రం ముందు లోపలికి వెళ్ళినవారిదే. సెవెరిన్‌ను ముందు వరుసలో, వేదిక ముందరి ఇనుప కంచె దగ్గర నిలబెట్టాలి. వెనక నిలబడితే అతనికి పాట అందదు. ముప్పై ఏళ్ళు రాతిని తొలిచిన యంత్రం అతని చెవులను కూడా తొలిచింది. కంచె పట్టుకుంటే మాత్రం ఆ మోత ఇనుములోంచి అరచేతుల్లోకి ఎక్కుతుంది. డాక్టరు చెప్పిన మాట కాదది, సెవెరిన్ స్వయంగా కనిపెట్టినది.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. సెవెరిన్ వెళ్ళి టికెట్ల గది వెనక నీడలో కూర్చున్నాడు. సాయంత్రానికి బ్యాటరీ మిగలాలని చెవి మిషను ఆపేసి జేబులో వేసుకున్నాడు. ఒంటిగంట పిలుపు అతని చెవిన పడలేదు.

"నాలుగు! గాల్కా!" యాద్విగా మూడుసార్లు పిలిచింది.

లుద్విక్ అతన్ని తీసుకురావడానికి కదిలాడు. మోకాలు సహకరించలేదు. ఆయన సగం దూరం వెళ్ళేసరికే పెన్ను గీత గీసేసింది.

"అమ్మా, అతను అక్కడే ఉన్నాడు. వినబడదు అతనికి."

"నాకు మాత్రం కొట్టేయాలని ఉంటుందా, లుద్విక్ గారూ? పొద్దున ఈ రూలు రాయించింది మీరే కదా. వెనక రెండొందల మంది చూస్తున్నారు."

"మినహాయింపులు ఉంటాయని తెలిస్తే నేనూ ఇంటికి పోయి పడుకునేవాణ్ణి," అన్నాడు వెనక నుంచి ఎవరో.

లుద్విక్ ఆమె చేతిలోని నియమాల కాగితం వైపు చూశాడు. "ఒకరు తన సంఖ్యను ఇంకొకరికి ఇవ్వకూడదని రాయించానా?"

ఆమె కాగితం చూసింది. "లేదండీ."

"అయితే ఐదు గాల్కాది. నన్ను చివర రాయి."

"చివరంటే రెండొందల పన్నెండు, పెద్దాయనా. అక్కణ్ణుంచి మీకు కనబడేది జనాల వీపులే."

"రాయి, తల్లీ."

అప్పటికి సెవెరిన్ నీడలోంచి లేచి వచ్చాడు. యాద్విగా అతని చేతి మీద నాలుగు కొట్టేసి ఐదు వేస్తుంటే బిత్తరపోయి చూశాడు. విషయం అర్థమయ్యాక మండిపడ్డాడు.

"నీకేమైనా పిచ్చా? మనిద్దరం పక్కపక్కన నిలబడదామని కాదూ ఇంతదూరం వచ్చింది!"

లుద్విక్ అతని చెవి దగ్గరికి వంగి, జీవితంలో ఎవరికీ చెప్పని మాట మెల్లగా చెప్పాడు.

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

ఇంకొంచెం గట్టిగా చెప్పాడు.

"నోట్లో బంగాళాదుంప ఉందేంట్రా? గట్టిగా!"

లుద్విక్ వ్రోనా టోపీ తీసి చేత పట్టుకున్నాడు. రెండు వందల మంది వింటుండగా, గనిలో కేకేసినట్టు అన్నాడు: "ఆ రోజు నేను నాలుగు నిమిషాలు ముందే పిలిచాను! ఆరు కాకముందే! నీ టికెట్టు నాకు రావాలని!"

పళ్ళ డాక్టరు తల దించుకున్నాడు. లుద్విక్ పాత నోటుబుక్కు తెరిచి, నలభయ్యో పేరు మీది గీతను వేలితో చూపించాడు.

సెవెరిన్ దాన్ని చూడలేదు, స్నేహితుడి ముఖమే చూశాడు. "తెలుసురా," అన్నాడు. చెవిటివాళ్ళ గొంతు సాధారణంగా పెద్దది. ఆ మాట మాత్రం మెల్లగానే వచ్చింది. "నేను వీధి మలుపు తిరుగుతుంటే గని సైరన్ కూసింది. ఆరింటి సైరన్. నేను వచ్చి చూసేసరికి గీత మీద సిరా కూడా ఆరిపోయింది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?" లుద్విక్ అదే కేకతో అడిగాడు.

"అడిగితే నువ్వు కాదనేవాడివి. టికెట్టు ఎలాగూ పోయింది, నువ్వు కూడా పోయేవాడివి." స్నేహితుడి చేతిలోని నోటుబుక్కు మూసేసి, "పేకాటలో మాత్రం చాలాసార్లు కసి తీర్చుకున్నాలే," అన్నాడు.

సాయంత్రం తలుపులు తెరిచారు. రెండు వందల పన్నెండో వ్యక్తికి నిజంగానే వీపులే కనిపించాయి. వేదిక మీదికి వచ్చినవారు తనలాంటి ముసలివారే. గాయకుడు నెమ్మదైన పాటలను ఎత్తు పీట మీద కూర్చుని పాడాడు. పై స్వరం అందనప్పుడు సిగ్గుపడక దాన్ని జనానికి వదిలేశాడు, జనం అందుకున్నారు. లుద్విక్ ఈ పాటలను ఒకసారి, 1984లో, విని ఉన్నాడు. ఆ రాత్రి ఒక్క పాట కూడా ఆయనకు లోపలికి దిగలేదు. పక్కన ఖాళీ ఉన్నట్టు అనిపించి ప్రతి పాటకూ అటు చూశాడు.

ఈసారి మూడో పాటలో పెద్ద తెర మీద ముందు వరుస కనిపించింది. రెండు క్షణాలు, అంతే. సెవెరిన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. కంచె మీద రెండు అరచేతులూ బల్లపరుపుగా ఆనించి, నుదురు కూడా ఆ ఇనుముకే ఆనించాడు. కన్నీళ్ళు కంచె మీద పడుతున్నాయి. లుద్విక్‌కు మిగతా పాటలన్నీ అక్కణ్ణుంచి వినబడ్డాయి.

మరునాడు ఉదయం సెవెరిన్ వంటింట్లో ఇద్దరూ గాజు గ్లాసుల్లో టీ తాగారు. సెవెరిన్ చేతి మీద ఐదు ఇంకా చెరగలేదు. అతను ఆ పాత నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, కొట్టివేసిన తన పేరు కింద, బడిపిల్లవాడిలా నాలుక పంటితో పట్టి రాశాడు:

"నలభయ్యో సంఖ్య, సెవెరిన్ గాల్కా, హాజరు. నన్ను కంచె దగ్గర నిలబెట్టి, తాను స్వచ్ఛందంగా వరుస చివరికి వెళ్ళినవాడు లుద్విక్ వ్రోనా. ఈ సంగతిని కృతజ్ఞతతో ధ్రువీకరించి సంతకం చేస్తున్నాను."