వాన్ డీ కాప్ అనే ఇంటిపేరు

చర్చి నుంచి వచ్చి ఇంకా బూట్లయినా విప్పలేదు, హెస్టర్ మొదలెట్టేసింది.

"ఆ టోపీ తియ్యి మార్లీస్, పిల్లకి ఉక్కపోస్తోంది."

అది మనవరాలి మీద ప్రేమ కాదని మార్లీస్‌కు తెలుసు. అత్తగారికి కావలసింది ఆ జుట్టు చూడటం, చూసి ఓ నిట్టూర్పు విడవటం. పుట్టినప్పుడు బోడిగా ఉన్న తల, మూడో నెల వచ్చేసరికి ఈ తెల్లవాళ్ళ ఇంట్లో ఎవరికీ లేని నల్లటి బిగువైన ఉంగరాలతో నిండిపోయింది. గొర్రెపిల్ల ఉన్నిలా ఎంత ముద్దుగా ఉందో అనుకుంది మార్లీస్. అత్తగారు ఆ గొర్రెపిల్ల మాటనే ఊరంతా తిప్పుతోంది.

మార్లీస్ టోపీ తీసింది. హెస్టర్ నిట్టూర్చింది.

వచ్చే ఆదివారం బాప్తిస్మం. పెద్దపిల్లకు అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. అది వాళ్ళ ఆనవాయితీ. తన పేరు నిలబడుతోందంటే ఏ నాయనమ్మయినా మురిసిపోవాలి.

"నా పేరు మాత్రం దీనికి పెట్టొద్దు," అంది హెస్టర్, కాఫీ కప్పులు సర్దుతూ. "ముందు రక్తపరీక్ష చేయించండి. పళ్ళ షెడ్డులో పనికి పోయి పెట్టెలు సర్దేటప్పుడు ఎవరెవరి పక్కన నిలబడ్డావో మాకేం తెలుసు?"

మార్లీస్ భర్త వంక చూసింది. రికుస్ కిటికీలోంచి గోధుమ చేను చూస్తున్నాడు, అందులో ఏదో పారేసుకున్నవాడిలా.

"చేయిస్తే పోయేదేముంది?" అన్నాడు. "అందరి నోళ్ళూ మూతపడతాయి."

"అందరివీనా, నీదా?"

అతను మళ్ళీ చేను వైపే తిరిగాడు. రాత్రి పాలు పడుతున్నప్పుడల్లా పిల్ల ముఖంలో రికుస్‌ని వెతికి వెతికి మార్లీస్ కళ్ళు కాయలు కాశాయి. తప్పు చేయనిదానికి కూడా భయం వేస్తుందని ఈ ఇంట్లోనే తెలిసింది.

"బావగారూ, మీరు చెప్పండి," అంది హెస్టర్. "మీ లౌబ్సర్ల వంశంలో ఎక్కడైనా ఇలాంటి జుట్టుందా?"

లౌరెన్స్ మామగారికి అన్నగారు. ఉద్యోగం మానినప్పటి నుంచీ ఆయనకు వంశవృక్షమే లోకం. స్వయంగా గీసి, అద్దం కట్టించి, ఈ ముందుగదిలో వేలాడదీశాడు. గట్టి రస్కు కాఫీలో ముంచుకుంటూనే లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు.

"హాలండ్, ఫ్రాన్సు, జర్మనీ. అంతే. ఇదిగో ఈవిడ, రోసెట్టా వాన్ డీ కాప్. మన కేప్ సీమలో ఓడలు దిగిన పాతకాపులు. పెద్దింటి పేరు అది."

మార్లీస్ పిల్లను ఎత్తుకునే దగ్గరికి వెళ్ళింది. ప్రతి పేరు మీదా రెండు గీతలున్నాయి, ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి. రోసెట్టా పైన మాత్రం ఖాళీ.

"ఈవిడ ఎవరి కూతురు, పెదమామయ్యా?"

"అదా... కాగితాలు దొరకలేదు."

"ఈవిడ ఒక్కరివేనా? పల్లెటూరి కోడళ్ళకు కూడా తండ్రులు దొరికారు. పెద్దింటి పిల్లకు దొరకలేదా?"

"నీకేం తెలుసమ్మా చరిత్ర? బడి సగంలో మానేసినదానివి."

"చరిత్ర తెలీదు. తండ్రెవరని అడగటం తెలుసు. దీనికి జుట్టొచ్చినప్పటి నుంచీ మీరంతా నేర్పుతున్నదే."

లౌరెన్స్ మొహం కందగడ్డయింది. కప్పు టక్కున పెట్టాడు. "అది ఇంటిపేరు కాదు! సరేనా? కొని తెచ్చినవాళ్ళకు ఇంటిపేర్లెక్కడివి? ఏ ఊరి నుంచి తెస్తే ఆ ఊరి పేరు తగిలించేవాళ్ళు. బెంగాల్ నుంచయితే వాన్ బెంగాలెన్. పులికాట్ నుంచయితే పులికాట్ పేరు. ఇక్కడే యజమాని ఇంట్లో పుడితే, వాన్ డీ కాప్, అంటే 'కేప్‌ది' అని."

రస్కు ముక్క కాఫీలో మునిగిపోయింది. ఎవరూ దాన్ని చూడలేదు.

"బానిస," అంది మార్లీస్. "ఇంటిపేరు కస్తూరివారని ఇన్నాళ్ళూ గోడకు తగిలించుకున్నారు. గబ్బిలాల కంపు మాత్రం ఆవిడది కాదు, మీది. మీకు తెలుసు. తెలిసీ నన్ను అంటుంటే రస్కులు నములుతూ కూర్చున్నారు."

అప్పుడు అత్తగారి వంక చూసింది. హెస్టర్ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీక్కూడా తెలుసా!"

"మా అత్తగారు చెప్పింది," అంది హెస్టర్. "వీడు పుట్టాక. శనివారం శనివారం వీడి తల నున్నగా గీయించమంది. ఆ రోజులు నీకేం తెలుసు? సర్కారువాళ్ళు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్ళు. కింద పడకపోతే తెల్లవాళ్ళ లెక్కలోంచి తీసేసేవాళ్ళు, బడి మారిపోయేది, ఉండే వీధి మారిపోయేది. పిల్లాడు చేజారిపోతాడని నేను నిద్రపోయానా?"

రికుస్ చేయి తనకు తెలియకుండానే గొరిగిన తల మీదికి పోయింది.

"భయపడ్డారు, కాదనను," అంది మార్లీస్. "నాతో చెప్తే ఆ భయం ఇద్దరం మోసేవాళ్ళం. మీరు దాన్ని తెచ్చి నా శీలం మీద కుమ్మరించారు. పాస్టరమ్మ దగ్గర కూడా అన్నారు. తెలిసే అన్నారు!"

"అయిందేదో అయింది. నా పేరే పెట్టుకో."

"మీరు విడిచేసిన పాత గౌనా, తొడుక్కోమనగానే తొడగడానికి?"

హెస్టర్ కప్పులు ఎత్తబోయింది. ఒకదానికొకటి తగిలి చప్పుడయితే మళ్ళీ పెట్టేసింది.

రికుస్ అప్పుడు నవ్వాడు. గుండెల మీది బండ దిగినవాడి నవ్వు. "అయితే ఇది నా పిల్లే! చూశావా, ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు." చేతులు చాచాడు. "రా తల్లీ, నాన్న దగ్గరికి రా."

దీని ముందు ఇంతసేపూ పడ్డ కోపం కోపమే కాదనిపించింది మార్లీస్‌కు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాన్నవా? ఎప్పటి నుంచి?"

"ఇప్పుడు తెలిసింది కదా..." అనబోయి ఆగాడు. తన మాట తన చెవినే పడింది.

"ఈ గోడ చెప్తే తెలిసింది నీకు. నీ కూతురని ఇది పుట్టిన రోజే నేను చెప్పాను." పిల్లను భుజం మార్చుకుని, గుమ్మం దగ్గర ఆడుకుంటున్న పెద్దపిల్ల చెయ్యి పట్టుకుంది. "బాప్తిస్మం మా అమ్మావాళ్ళ చర్చిలో చేయిస్తాను. పేరు నేను పెట్టుకుంటాను. రావాలనిపిస్తే రా. వెనక బల్ల మీద కూర్చుందువుగాని, చుట్టాల్లో కాదు."