ఇసుకతో వచ్చిన మనిషి

అర్గిరో పొద్దున్నే లేచి రెండు కప్పుల్లో కాఫీ పోసేది. రెండో కప్పు ఎవరికని గుర్తొచ్చాక, అదీ తనే తాగేసేది.

పైరియస్ రేవుపట్నంలో పందొమ్మిదేళ్లు మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేసింది. మార్చిలో ఆ తల్లి పోయింది. ఎక్కడికైనా వెళ్లి రమ్మని అందరూ అన్నారు గానీ, తోడొస్తామని ఒక్కరూ అనలేదు. సెప్టెంబరు చివర్లో ఈ దీవికి, దక్షిణపు ఒడ్డునున్న పన్నెండు గదుల విడిదికి వచ్చింది. మిగతా పదకొండు గదులకూ తాళాలే.

విడిది యజమాని పాండెలిస్ ఆ పొద్దున గొడుగులు మడిచి లోపల పెడుతున్నాడు.

"అమ్మా, ఇవాళో రేపో ఇసుక వెళ్లిపోతుంది. తువ్వాళ్లూ చెప్పులూ దాని మీద వదిలెయ్యకండి. పోయినేడు ఒకాయన పళ్లసెట్టు వదిలేశాడు. ఏప్రిల్‌లో గానీ దొరకలేదు."

"అన్నాళ్లూ ఏం తిన్నాడు పాపం?"

"సూపు," అన్నాడు పాండెలిస్, ఇంకో గొడుగు చంకలో పెట్టుకుంటూ.

వేసవంతా దక్షిణాన ఉండే ఇసుక, గాలి చల్లబడగానే కొండెక్కి దిగి ఉత్తరపు రేవుకు పోతుంది. చలికాలమంతా అక్కడే. ఆ వారం ఊళ్లోవాళ్లు దారి మీద బట్టలారెయ్యరు.

మధ్యాహ్నం అర్గిరో నాలుగు వేయించిన చేపలు తిని, ఒడ్డున ఇసుక మీద కూర్చుని, పైరియస్‌లోని తన ఇంటికే ఫోను చేసింది. వచ్చినప్పట్నుంచీ రోజూ అదే పని. ఎవరూ ఎత్తరని తెలుసు. అయినా ఆ మోత తన వంటగదిలో, తన కుర్చీల మధ్య తిరుగుతోందనుకుంటే కాస్త ఊరటగా ఉండేది. వింటూ వింటూ కునుకు తీసింది.

కుదుపుకు మెలకువ వచ్చింది. సముద్రం వెనకబడింది. ఇసుక గొర్రెలమందలా ఒత్తుకుంటూ కొండదారి ఎక్కుతోంది, మధ్యలో తను. ఆలివ్ తోటల గట్లు దాటింది. తెల్లటి చిన్న చర్చి దాటింది. మలుపు దగ్గర పోస్టుమాన్ మోటార్‌సైకిలు పక్కకు తీసి, దారిచ్చి, ఆమెకు తలూపాడు.

దిగుదామా అనుకుంది. పెద్ద ఎత్తేమీ కాదు, కాలు చాపితే నేలే. దిగి ఎక్కడికి వెళ్లాలి? తాళం వేసిన పదకొండు గదుల పక్కన పన్నెండోదానికా? మోకాళ్లు దగ్గరకు తీసుకుని అలాగే కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఇసుక ఉత్తరపు రేవులోకి దిగింది. అక్కడ ఒక్కటే ఇల్లు. ఆ ఇంటి లెమోనియా చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి.

"అటు జరుగు, అటు! ఏటేటా గడప దాకా వస్తావు, సిగ్గులేదూ?" అని ఇసుకను కసిరి, అప్పుడు మనిషిని చూసింది. "నువ్వెవరే?"

"విడిదిలో దిగానండీ. నిద్రపోయాను."

"నిద్రపోయినవాళ్లు కొండ దగ్గర లేస్తారు. కుదుపుంటుందిగా."

అర్గిరో తలొంచుకుంది. "లేచాను. దిగలేదు."

లెమోనియా ఆమెను ఎగాదిగా చూసింది. "మంచిదే. పోయినేడు పళ్లసెట్టు వచ్చింది. దానికంటే నయం. రా, తిందువుగాని."

చేపల పులుసూ రొట్టే పెట్టింది. తినగానే అర్గిరో అలవాటుగా గిన్నెలెత్తబోయింది.

"కూర్చో."

"కడిగేస్తానండీ, ఎంతసేపు..."

"కూర్చోమన్నానా! గిన్నెలు కడుక్కోలేని ముసలిదానిలా కనిపిస్తున్నానా నీకు?"

అర్గిరో కూర్చుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద పెట్టింది, ఒళ్లో పెట్టుకుంది. గిన్నెల చప్పుడు వింటూ, వేరే మనిషి ఆ పని చేస్తుంటే, ఏళ్ల తర్వాత కళ్లనీళ్లు పెట్టుకుంది. లెమోనియా వెనక్కి తిరగలేదు. "ఆరేళ్లయింది నేను రెండు పళ్లేలు కడిగి," అని మాత్రం గోడతో అన్నట్టు అంది.

పోస్టుమాన్ చెబితే శుక్రవారం పొద్దున పాండెలిస్ చిన్న ట్రక్కులో ఆమె సంచీ తెచ్చాడు.

"పదింటికి ఓడమ్మా. ఇప్పుడు బయల్దేరితే అందుకోవచ్చు."

అర్గిరో సంచీ అందుకుంది. ట్రక్కు వైపు చూసింది. లెమోనియా అటు తిరిగి శనగలు ఏరుతోంది. ఏరినవే మళ్లీ ఏరుతోంది.

"పాండెలిస్ గారూ, ఇసుక తిరిగి ఎప్పుడు బయల్దేరుతుంది?"

"ఏప్రిల్‌లో."

"నేనూ అప్పుడే వస్తాను."

అతను సరేనని ట్రక్కు వెనక్కి తిప్పుకున్నాడు.

లెమోనియా లేచి, నానబోసిన గిన్నెలో ఇంకో గుప్పెడు శనగలు వేసింది.