వట్టికాళ్ళ కొలత

పుష్పవల్లి టేపును బొడ్డు మీదికి లాగి, కళ్ళు చికిలించి చూసింది. "ముప్పై నాలుగున్నర."

తిరుమలేశ్ ఊపిరి లోపలికి పీల్చాడు.

"పీలిస్తే కరుగుతుందా ఏంటి? ఆయనగారు రాత్రి ఏం తిన్నారో ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన కూడా అర పెరిగుంటే మనకి పీడా పోతుంది," అని టేపు చుట్టి మేకుకి తగిలించింది.

యూసుఫ్‌గూడలో ఆ రెండు గదుల ఇంట్లో రోజూ టిఫినుకు ముందు జరిగే తంతు ఇది. తిరుమలేశ్ హీరో వేదాంత్‌కి డూపు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన నడుమే ఇతని నడుము. ఆయన పోలీసు వేషం కోసం ఎనిమిది కిలోలు పెరిగితే ఇతనూ నెయ్యి తాగి పెరిగాడు. ఆర్నెల్లకు ఆయన తగ్గితే ఇతనూ మజ్జిగ తాగి తగ్గాడు. ఆయన్ని తగ్గించడానికి ఇద్దరు ట్రైనర్లు, ఒక వంటమనిషి. ఇతన్ని తగ్గించడానికి పుష్పవల్లి కసురుకోవడం ఒక్కటే.

రేపల్లె నుంచి వచ్చినప్పుడు అందరిలాగే ఇతనూ హీరో అవుదామనే వచ్చాడు లెండి. వెనక నుంచి చూస్తే అయ్యాడు కూడా. ముందు నుంచి చూస్తే నలభై ఏడేళ్ళ మనిషి, చెవుల దగ్గర రంగు, పలచబడిన బుగ్గలు. కుడి మోకాలు రెండుసార్లు, ఎడమ భుజం ఒకసారి విరిగాయి. పక్కటెముకల సంగతి అతనే మర్చిపోయాడు.

ఆ రోజు షూటింగు లేదు. అయినా పొద్దున్నే మేనేజరు వరప్రసాద్ ఫోను చేశాడు. "తిరుమలేశూ, జూబ్లీహిల్స్‌లో సైకిళ్ళ షోరూముకి వెళ్ళి సారు కొలతలిచ్చి రావయ్యా. డాక్టరు సైకిల్ తొక్కమన్నాడంట. సాయంత్రం యూట్యూబ్ వాళ్ళొస్తున్నారు, ఆ లోపు బండి బంగళాలో ఉండాలి."

"సారు కొలతలు" అంటే తిరుమలేశ్ కొలతలని అర్థం. హీరోగారి ఒంటి మీదికి టేపు వెళ్ళదు, అది ఆ ఇంటి ఆచారం. పెళ్ళి సీనుకు షేర్వానీ అయినా, యుద్ధం సీనుకు ఇనప చొక్కా అయినా, ఆఖరికి శవంగా పడుకునే సీనుకు చెక్కపెట్టె అయినా కొలత ఇచ్చింది ఇతనే. అన్నీ అతికినట్టు సరిపోయాయి. అందుకే ఆర్నెల్ల కిందట చేరిన వరప్రసాద్‌కి ఇద్దరివీ ఒకే కొలతలని గట్టి నమ్మకం.

అవి ఎందుకు సరిపోతున్నాయో ఇద్దరికే తెలుసు. పదకొండేళ్ళ కిందట వాన సీనయ్యాక హీరోగారి బూటులో నీళ్ళు ఒంపుతూ తిరుమలేశ్ లోపలికి చూశాడు. మడమ కింద రెండున్నర అంగుళాల బెండు మెట్టు ఉంది. తలెత్తేసరికి ఎదురుగా హీరోగారు.

"చూశావా?"

"ఏంటి సార్?"

"ఏం లేదు."

ఆ తర్వాత ఎందరు ఫైట్ మాస్టర్లు మారినా, ఇంతకంటే కుర్రవాళ్ళు ఎందరొచ్చినా తిరుమలేశ్‌ని ఎవరూ కదపలేదు. ఆ బూటు లోపల ఉన్నది ఇతని అన్నం.

షోరూములో కొలతలు తీసే మనిషి భిక్షం. అరవై దాటినవాడు, బోరబండ నుంచి వస్తాడు. ఒకప్పుడు అక్కడే కిరాయి సైకిళ్ళ కొట్టు నడిపాడట. చుట్టూ అద్దాలు, ఏసీ, కారు ఖరీదు చేసే సైకిళ్ళు. వాటి మధ్య గ్రీజు మరకల ఏప్రన్‌తో, చెవి మీద పెన్సిలుతో ఉన్నాడు.

"చెప్పులు ఇడువు తమ్మీ. జర గోడకానుకొని నిలబడు."

తిరుమలేశ్ ఒక చెప్పులోంచి మడమ లేపి ఆగాడు. "చెప్పులు విప్పాలా అన్నా?"

"మరి? సైకిల్‌కి కాలు గావాలె గని చెప్పుతోని ఏం పని? పొడుగు మనిషి, పొట్టి మనిషి అని జూసి సైకిలిస్తె అది గాడిద పని. కాళ్ళెంత, నడుమెంత, చేతులెంత, గది జూడాలె."

భిక్షం ఒక చెక్క స్కేలును తొడల మధ్య పైకంటా ఆనించి, నేల నుంచి ఆ స్కేలు దాకా టేపు పట్టాడు. "ఎనభై నాలుగు సెంటీమీటర్లు" అని గోడకున్న కాగితం మీద రాశాడు. భుజం నుంచి పిడికిలి దాకా కొలిచాడు. లోపలికి వెళ్ళి యాభై ఆరో నంబరు ఫ్రేము ఉన్న నల్లటి సైకిలు నడిపించుకొచ్చాడు.

తిరుమలేశ్ మనసులో లెక్క కట్టుకున్నాడు. రెండున్నర అంగుళాలు. బూట్లేసుకుంటే హీరోగారు తనంత. విప్పితే ఈ సైకిలు నడిమి కడ్డీకి అటూ ఇటూ కాళ్ళేసి నిలబడడం ఆయనకి ప్రాణాంతకం.

"అన్నా, దీనికంటే రెండు సైజులు చిన్నది ఇవ్వవా?"

భిక్షం టేపు కిందికి దించాడు. "ఎందుకు?"

"ఊరికే. చిన్నదైతే ముచ్చటగా ఉంటుందని."

"ముచ్చటకు బొమ్మ కొనుక్కో. చెప్పు సైజు తప్పితే వేలొక్కటే కరుస్తది. సైకిల్ సైజు తప్పితే మోకాళ్ళు, నడుము, మెడ అన్నీ పోతయ్. నలభై ఏండ్లల్ల తప్పు సైజు నా చేతుల మీదికెల్లి పోలేదు తమ్మీ." తిరుమలేశ్ మొహంలోకి చూశాడు. "గిది ఎక్కేటోని కాళ్ళు గింతేనా? నిజం జెప్పు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెబితే సాయంత్రానికి సినిమావాళ్ళు చేరే కృష్ణానగర్ టీకొట్ల దగ్గర అదే మాట.

"అంతే అన్నా. అచ్చం ఇంతే."

"అయితే ఎక్కు."

అప్పుడు భిక్షం పని మొదలుపెట్టాడు. ముందు కడ్డీ మీదుగా నిలబెట్టి రెండు వేళ్ళ సందుందో లేదో చూశాడు. సీటు తుంటి ఎత్తుకి లేపాడు. పెడలు అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలన్నాడు, వంగిందో లేదో వేలితో నొక్కి చూశాడు. సీటును గోరంత వెనక్కి జరిపాడు. దిగమన్నాడు, ఎక్కమన్నాడు, మళ్ళీ దిగమన్నాడు. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు బిర్రబిగుసుకోకూడదట. ఇంత సేపు తన ఒంటి మీద ఒక మనిషి శ్రద్ధ పెట్టడం తిరుమలేశ్‌కి కొత్తగా, సిగ్గుగా ఉంది.

"ఏడన్న నొస్తుందా?" అన్నాడు భిక్షం.

ఆ మాట సెట్లో తిరుమలేశ్‌ని ఇంతదాకా ఎవరూ అడగలేదు. రెండో అంతస్తు నుంచి దూకినప్పుడు, అద్దాలు పగలగొట్టుకుని పడినప్పుడు, గుర్రం తొక్కినప్పుడు అందరూ అడిగింది ఒక్కటే, షాట్ ఓకేనా అని.

"కుడి మోకాలన్నా," అన్నాడు దాని మీద చెయ్యి వేసి. "విరిగింది. రెండుసార్లు."

"గది ముందుగాల జెప్పాలె గద!" అని విసుక్కుని, సీటు ఇంకో రవ్వ లేపాడు. "ఇగ పో. సందు చివరిదాక పోయి రా."

జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు ఎరిగినవే. పల్లంలో సైకిలు గాలిలా పోయింది, సరే, పల్లంలో ఎవడి సైకిలైనా పోతుంది. మలుపు తిరిగి ఎత్తెక్కేటప్పుడు తెలిసింది. మోకాలు నొప్పి లేదు! నడుము పట్టలేదు, భుజం లాగలేదు. ఒళ్ళు ఉన్నట్టే తెలియలేదు. ఓరి నాయనో, బతుకంతా ఇలా ఉండొచ్చా అనుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు తిరిగాడు.

ఇప్పటికైనా నోరు విప్పొచ్చు. ఏదో ఒక అబద్ధమాడి చిన్నది తీసుకుపోవచ్చు. కానీ విప్పలేదు. రహస్యం కోసమే ఊరుకున్నానని పైకి అనుకున్నాడు గానీ, అది సగమే నిజం. లోకంలో తన కొలతకు తయారైన ఒకే ఒక్క వస్తువును తన నోటితో కాదనుకోవడానికి మనసు రాలేదు. శవం సీనులో చెక్కపెట్టె కూడా ఇంకొకడి చావు కోసమే కొలిచారు మరి.

సాయంత్రం బంగళా ముందు పచ్చిక మీద గొడుగు దీపాలు వెలిగించారు. ఇద్దరు కెమెరా వాళ్ళు, మైకు పట్టుకున్న హరిణి అనే అమ్మాయి, పక్కన వరప్రసాద్. హీరోగారు బిగుతు దుస్తుల్లో, విదేశం నుంచి తెప్పించిన సైకిలు బూట్లలో మెట్లు దిగి వచ్చారు. బూట్ల అడుగు పలచటి బిళ్ళ. తిరుమలేశ్ పోర్టికో స్తంభం వెనక నిలబడి ఆ బూట్లే చూశాడు. వాటిలో బెండు మెట్టుకు చోటు లేదు.

ఆయన ఎక్కారు. పచ్చిక చుట్టూ ఒక చుట్టు తుంటి అటూ ఇటూ ఊపుతూ తొక్కారు. "ఇక్కడ ఆపండి సార్," అంది హరిణి. ఆయన ఆపి కాలు కింద పెట్టబోయారు. కాలు అందలేదు. కడ్డీ తగలకూడని చోట తగిలింది. కళ్ళు తేలేసి, సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అంతటితో పోయేది.

లేచి నిలబడ్డ హీరోగారు అందరి ముందూ తన అసలు ఎత్తులోనే ఉన్నారు. ఆయనకంటే తను పొడుగని ఆ క్షణంలో వరప్రసాద్‌కే ఆశ్చర్యమేసినట్టుంది. హరిణి ఒకసారి బూట్లవంక, ఒకసారి సైకిలువంక చూసి, "ఇది సార్ కొలతలకే చేయించారు కదా?" అంది.

"అవునండీ, పొద్దున్నే తిరుమలేశ్... ఏమయ్యా తిరుమలేశూ! ఇద్దరివీ ఒకే కొలతలు కదయ్యా?"

హీరోగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పదకొండేళ్ళ కిందట 'చూశావా' అని అడిగినప్పటిలాగే చూశారు. తిరుమలేశ్ స్తంభం వెనక నుంచి ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండి. చెప్పులు విప్పమంటే విప్పలేదు. ఎత్తు మడమల చెప్పులతోనే కొలిపించుకున్నాను. పొడుగ్గా కనబడదామని పాడు బుద్ధండి," అని చేతులు కట్టుకున్నాడు.

కెమెరా వాళ్ళు నవ్వారు. వరప్రసాద్ పగలబడి నవ్వాడు. హరిణి కూడా నవ్వి, "డూపుకి కూడా షోకేనా!" అంది. గండం గడిచింది.

హీరోగారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళలో ఒక్క రెప్పపాటు కృతజ్ఞత కనబడింది. దాని వెనకే అసహ్యం వచ్చింది. మరి కాపాడినవాణ్ణి రోజూ ఎదురుగా పెట్టుకుని ఎవడు బతకగలడు? వెనుదిరిగి మెట్లెక్కుతూ వరప్రసాద్ చెవిలో ఏదో అన్నారు.

"రేపట్నించి రానక్కర్లేదంట తిరుమలేశూ," అన్నాడు వరప్రసాద్, ఇంకా నవ్వు ఆగని మొహంతోనే. "సారు బాగా నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళు చేసి చెప్పులు విప్పాలని తెలీదా? నీ పొగరు కాకపోతే."

"అలాగేనండి." ఒకడుగు వేసి ఆగాడు. "ఆ సైకిలు షాపుకి తిప్పి పంపుతారా అండి?"

"దాన్నా? నలుగురికీ చూపించి నవ్వులపాలవడానికా? వెనకాల పడేయమన్నారు."

తిరుమలేశ్ వెనక గేటు గుండా బయటికొచ్చాడు. అక్కడి వాచ్‌మన్ అతన్ని ఆపి, పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ గేటు దగ్గర అతని పేరు అడగడం అదే మొదలు.  తర్వాత కృష్ణానగర్ వైపు దిగే రోడ్డు మీద, కుడికాలు కొంచెం ఈడుస్తూ, తొందరేమీ లేనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జనరేటరు గది వెనక చిరిగిన ఫ్లెక్సీల మధ్య నల్ల సైకిలు గోడకి ఒరిగి ఉంది. హ్యాండిల్ వంకరపోయింది, గొలుసులో పచ్చిక ఇరుక్కుంది, సీటు మాత్రం విరిగిన మోకాలికి కావలసిన ఎత్తులో బిగించినది బిగించినట్టే ఉంది.