ఆయన ఫోనుకొచ్చే కోడ్

మధ్యాహ్నం మూడు దాటింది. వహీద్ దుకాణంలో బల్ల మీద సలోమి లాప్‌టాప్ తెరిచి ఉంది. పాడైన మదర్‌బోర్డు మార్చి, ఫైళ్లు పోకుండా విండోస్‌ను మళ్ళీ ఎక్కించాడు వహీద్. అన్నీ ఉన్న చోటనే ఉన్నాయి. కానీ తెర కింద కుడి మూలన, యాక్టివేట్ చేసుకోమని చెప్పే లేత అక్షరాలు మాత్రం పోవడం లేదు.

“ఫైళ్లు పాతయే గానీ బోర్డు కొత్తది గద మేడమ్. విండోస్ ఇది వేరే మిషన్ అనుకుంటున్నది,” అన్నాడు.

ఐదింటిలోగా ఆ అక్షరాలు పోకపోతే సలోమి పని పోతుంది. హైదరాబాదులోని ఒక కంపెనీ కోసం ఆమె ఇంట్లో కూర్చుని, డాక్టర్లు చెప్పినవి విని టైపు చేస్తుంది. లైసెన్సు లేని కంప్యూటర్లు వాడేవాళ్ల ఐడీలు ఈ రోజు ఐదింటికి ఆపేస్తామని కంపెనీ రాసింది. యాక్టివేట్ అయినట్టు తెర ఫొటో పంపమంది.

వహీద్ తేదీ, టైము సరిచూశాడు. నెట్ మార్చి చూశాడు. చివరికి లోపం వెతికే ట్రబుల్‌షూటర్ నడిపితే, ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చారా అని అడిగింది. అవునంటే, లైసెన్సు ఎవరి అకౌంటులో ఉందో ఆ అకౌంటుతో లోపలికి రమ్మంది. అది సలోమి భర్త ఉదయ్ కుమార్ అకౌంటు. లోపలికి రానిచ్చే కోడ్ ఆయన ఫోనుకే పోయింది.

సలోమి పని మానేసిందని ఉదయ్ అనుకుంటున్నాడు. జూన్‌లో అత్త జ్ఞానమ్మ బాత్రూంలో జారి పడి పిలుస్తుంటే, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న సలోమికి వినబడలేదు. ఆ సాయంత్రమే పని మానేస్తానని ఉదయ్‌కు మాట ఇచ్చింది. నాలుగు రోజులు మానింది కూడా.

సలోమి ఆయనకు ఫోన్ చేసింది. ఉదయ్ తూప్రాన్‌లో ఒక బ్యాంకు సేవా కేంద్రం నడుపుతాడు. వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి. కోడ్ చెప్పమంటే నవ్వాడు.

“పొద్దున్నుంచి వచ్చినోళ్లందరికి చెప్తున్న, ఓటీపీ ఎవ్వరికి చెప్పొద్దని. పెండ్లాం అడిగితే చెప్పాల్నా?”

అక్కడ ఎవరో నవ్వారు. పాప స్కూలు ప్రాజెక్టు కోసమని సలోమి అబద్ధం చెప్పింది. అయితే రాత్రికి వచ్చి తనే కొడతానన్నాడు ఉదయ్. గంత తొందరేంది అని కూడా అడిగాడు.

సలోమి వహీద్ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి ఫోనులో ఉదయ్‌కు చెప్పింది.

“నేను ఆ పని మానలేదు. ఒక్క చెవిలనే పెట్టుకుంటున్న. అత్తమ్మ దగ్గినా వినవడ్తది.”

వహీద్ అటు తిరిగి ఒక కీబోర్డు తుడవసాగాడు.

ఫోనులో ఉదయ్ ఎవరినో వేలు మళ్ళీ పెట్టమన్నాడు. వేలిముద్ర యంత్రం కుయ్‌మంది. రసీదు చింపిన చప్పుడు వినబడింది.

“ఆ కోడ్ టైం అయిపోయింది. మళ్ళ పంపమను,” అన్నాడు చివరికి.

రెండో కోడ్‌ను ఒక్కో అంకె ఆపి ఆపి చదివాడు, కౌంటరు దగ్గర ముసలివాళ్లకు చదివినట్టే.

“ఇగ ఆ లాప్‌టాప్ నేనున్నప్పుడే తీయాలె,” అని పెట్టేశాడు.

ఆయన పొద్దున ఎనిమిదింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి వస్తాడు.

వహీద్ ఆ కోడ్ కొట్టి, అకౌంటులోని కంప్యూటర్ల జాబితాలో ఈ లాప్‌టాప్ పేరు ఎంచాడు. అక్షరాలు పోయాయి. నాలుగుంబావుకు సలోమి తెర ఫొటో తీసి పంపింది. అందిందని జవాబు వచ్చింది. పని దక్కింది. చేసే వేళ మాత్రం లేదు.

“ఇప్పుడు అకౌంటు లోపలనే ఉన్నం గద, మీ నంబర్ గూడ చేర్చుమంటరా? మల్లోసారి కోడ్ మీకే వస్తది, గిట్ల పరేషాన్ గాకుండ,” అన్నాడు వహీద్.

“ఆయనకు తెలుస్తదా?”

“చేరుస్తున్నట్టు మెసేజ్ పోతది.”

“ఆయన నంబర్ తీసేస్తే?”

“తీయాలన్నా కోడ్ ఆయన ఫోనుకే వస్తది మేడమ్.”

సలోమి కుర్చీ చెయ్యి గీరింది. తర్వాత తన నంబరు చెప్పింది. కోడ్ ఆమె ఫోనుకు వచ్చింది. నాలుగంకెలు చదివేసరికి ఉదయ్ పేరు తెరంతా పరుచుకుని ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేదు, కట్ చేయలేదు. దుకాణం నిండా మోగి ఆగింది.

“ఏడు, రెండు,” అని మిగిలిన అంకెలు చదివింది.

వహీద్ కొట్టాడు. ఆమె నంబరు చేరింది. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి సలోమి ఎత్తి చెవికి పెట్టుకుంది.