ఎడమ రెక్క

ఆయుధపూజ మర్నాడు తెల్లవారుజామున, నాలుగు గంటల ప్రాంతంలో, కుప్పం శివారులోని ఒక ప్రైవేటు స్కూలు ఆవరణలో నిలబెట్టిన పాత వాయుసేన విమానం ఎడమ రెక్కను ఏనుగు విరిచింది. రెక్కకు కట్టిన చెరకు గడలు తినేసి, వెనక గోడ పడగొట్టుకుని అడవి వైపు వెళ్లిపోయింది. దసరా సెలవులు కావడంతో స్కూల్లో పిల్లలు లేరు. వాచ్‌మన్ చెంగయ్య వరండా గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు.

చెరకు కట్టింది మారప్ప. వాయుసేనలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఈ కిరణ్ రకం శిక్షణ విమానాల మీదే ఆయన సర్వీసంతా గడిచింది. స్కూలువాళ్లు గేటు లోపల పెట్టుకోవడానికి దాన్ని తెచ్చిన రోజు నుంచి జీతం లేకుండా చూసుకుంటున్నాడు. ప్రతి ఆయుధపూజకూ ఊళ్లో లారీలకు, ట్రాక్టర్లకు చేసినట్టే దానికీ చేస్తాడు. చక్రాల కింద నిమ్మకాయలు, ముక్కుకు కుంకుమ, రెండు రెక్కలకూ అరటి పిలకలు, చెరకు గడలు. పూజయ్యాక సాయంత్రమే విప్పేస్తాడు. ఈసారి మోకాళ్లు నొప్పిగా ఉండి పొద్దున విప్పుదామనుకున్నాడు.

అటవీ శాఖ వాళ్లు వచ్చి అడుగుల గుర్తులు కొలుచుకున్నారు. పంటకైతే పరిహారం ఉందని, విమానానికి లేదని చెప్పారు. విరిగిన రెక్క పిల్లల మీద పడితే ఎవరిది బాధ్యత అని స్కూలు యాజమాన్యం అడిగింది. సెలవులయ్యేలోపు బాగు చేయించాలి, లేదంటే తుక్కుకు పంపేస్తాం అన్నది.

ఈ కబురు మదనపల్లెలో అబ్దుల్ రహీంకు ఫోన్లో తెలిసింది. చెప్పింది పుంగనూరు జ్ఞానప్రకాశం. మిషన్ ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి మానుకున్నాడు. పాత విమానాల పిచ్చి ఉన్నవాళ్లు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పద్నాలుగు మంది ఉండేవారు. ఆదివారాలు కలిసేవారు. కొందరు ఊళ్లు మారారు, ఇద్దరు చనిపోయారు, మిగతావాళ్లకు తీరిక లేకపోయింది. ఇప్పుడు ముగ్గురు.

“వింటివా రహీం భాయ్? మారప్ప విమానం అయిపోయింది.”

“మొత్తమా?”

“రెక్క. ఎడమది. రెక్క పోతే ఇంకేముండాది?” అన్నాడు జ్ఞానప్రకాశం. “అద్దం మాత్రం బాగుండాదంట.”

అద్దం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

రహీంకు పట్టునూలు పురి తిప్పే షెడ్డు ఉంది. దానికి ఆనుకుని ఉన్న రెండో షెడ్డులో ఆయన విమానం ఉంది. అదీ కిరణే. మూతబడిన ఒక కాలేజీ ఆవరణలో ముళ్లకంపల్లో పడి ఉంటే తుక్కు వేలంలో పాడుకున్నాడు. పదిహేనేళ్లుగా ఒక్కొక్క ముక్కా వెతికి తెచ్చి బిగిస్తూ వచ్చాడు. తోక బెంగళూరులో దొరికింది, చక్రాలు హైదరాబాదులో. దొరకనిది ఒకటే, పైలట్ కూర్చునే చోట మీద మూసే అద్దం. అది బిగిస్తే విమానాన్ని కొత్త పార్కులో పెడతామని మున్సిపాలిటీ వాళ్లన్నారు. ఆ మాటన్న కమిషనరు బదిలీ అయిపోయాడు. తర్వాతొచ్చిన ఆయన కాదనలేదు. దీపావళి తర్వాత షెడ్డులో కొత్త మెషీన్లు దించుతున్నామని కొడుకు ఇర్ఫాన్ రెండు నెలల కిందటే చెప్పాడు. ఆలోపు పార్కుకన్నా పోవాలి, తుక్కుకన్నా పోవాలి.

కుప్పం బయలుదేరుతుంటే భార్య గుల్జార్ బీ గుమ్మంలో నిలబడింది.

“ఏమంటా, మీ రెండో పెళ్లానికి నెత్తిన కప్పుకునేదానికి దుపట్టా దొరికిందంటనే?”

“ఇంకా అడగలేదు.”

“అడగండి. పదిహేనేళ్లు తల మీద గుడ్డ లేకుండా మా ఇంట్లో కూర్చోనుండాది. నాకే సిగ్గుగా ఉండాది.”

పుంగనూరు వరకు బస్సులో వెళ్లి, అక్కడి నుంచి జ్ఞానప్రకాశం కారెక్కాడు. కారు వి.కోట దాటింది.

“అడగతావా, నన్ను అడగమంటావా?” అన్నాడు జ్ఞానప్రకాశం.

“నేనే అడగతాను.”

“మొదటే అడుగు. కాఫీ తాగినాక అడిగేదానికి నోరు రాదు.”

“మనిషి పోయిన ఇంట్లో చొక్కా అడిగినట్టుంటాది ప్రకాశం.”

“తుక్కువాడు అడక్కుండానే తీసకపోతాడు. వాడికంటే నువ్వు మేలు గదప్పా.”

స్కూలుకు చేరేసరికి పదకొండు దాటింది. విమానం ఎడమ వైపుకు ఒరిగి ఉంది. రెక్క సగానికి వంగి కొన నేలకు తగిలింది. చెరకు పిప్పి కుప్పలుగా పడి ఉంది. మారప్ప నిచ్చెన మీద, పైలట్ సీటు దగ్గర ఉన్నాడు. చేతిలో స్పానరు ఉంది. కింద గోనెపట్టా పరిచి, దాని మీద బోల్టులు వరసగా పెట్టి ఉన్నాయి.

“రాండప్పా, రాండి. సగం పని అయిపోయింది.”

“ఏం పని?” అన్నాడు జ్ఞానప్రకాశం.

“అద్దం ఊడదీస్తాండా. రహీం భాయ్‌కి. తుక్కువాడొస్తే సుత్తితో కొడతాడు. మదనపల్లెకు పోతే ఆడైనా నలుగురు సూస్తారు.”

దారి పొడుగునా కూర్చుకున్న మాట రహీంకు అక్కర్లేకుండా పోయింది. ఆయన చెప్పులు విడిచి రెక్క కింద కూర్చున్నాడు.

“రెక్క మొదలు సూసినావా మారప్పా? పొట్టకు తగిలించే బిళ్ల?”

“సూడలేదు.”

“యాల?”

“సూస్తే ఆశ పుడతాది. నాకు ఓపిక లేదప్పా.”

రెక్కను విమానం పొట్టకు పట్టి ఉంచేది ఉక్కు బిళ్లలు. రెక్క విరిగినా బిళ్లలు బాగుంటే ఇంకో రెక్క తెచ్చి బిగించవచ్చు. బిళ్లలు సాగినా, చీలినా ఇక ఏ రెక్కా నిలవదు. రహీం వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. జ్ఞానప్రకాశం పక్కన మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు.

పై బిళ్లకు వేలు పెట్టి చుట్టూ తడిమాడు రహీం. తర్వాత కింది బిళ్లకు. గుడ్డతో గ్రీజు తుడిచి మళ్లీ చూశాడు. వంపు అక్కడికి రెండు మూరల అవతల మొదలైంది. రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి. పగులు లేదు.

జ్ఞానప్రకాశం కూడా చూశాడు. ఎక్స్‌రేలు చూసిన కళ్లు. టార్చి ఆర్పేశాడు.

పైన స్పానరు తిరుగుతున్న చప్పుడు ఆగింది. “ఎట్లుండాదప్పా?” అని అడిగాడు మారప్ప.

రహీం జ్ఞానప్రకాశం వైపు చూశాడు.

“నన్ను సూడాకు,” అన్నాడు జ్ఞానప్రకాశం మెల్లగా. “విమానం నీది, రెక్క నీది. నువ్వేం చెప్తే నేనూ అదే చెప్తా.”

రహీం ఇంకోసారి కింది బిళ్ల మీద వేలు పెట్టాడు. వీపు కింద కంకర గుచ్చుకుంటోంది. ముఖం మీద ఈగ వాలితే తోలుకున్నాడు.

“బిళ్లలు బాగుండాయి మారప్పా,” అన్నాడు.

పైన స్పానరు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత నిచ్చెన కిర్రుమంది. మారప్ప ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు.

“బాగుంటే ఏం? రెక్క యాడుండాది?”

“మదనపల్లెలో ఉండాది.”

“వొద్దప్పా.”

“కొలతొకటే. రెండూ ఒకే ఫ్యాక్టరీవి.”

“నాకు తెలీదా కొలత? నేనడిగేది నీదేమైతాదని.”

“నాదాన్ని సూసేది పావురాలు. పదిహేనేళ్లుగా అవే సూస్తాండాయి. వాటికి రెక్కలుండాయిలే.”

జ్ఞానప్రకాశం నవ్వాడు. మారప్ప నవ్వలేదు. గోనెపట్టా దగ్గర చతికిలబడి ఒక బోల్టు తీసుకుని పంచె చెంగుతో తుడిచాడు. “అద్దం కోసం వచ్చినారు గదా మీరు?” అన్నాడు తలెత్తకుండా.

“అవును,” అన్నాడు రహీం.

“అట్లనే అనుకున్నా. మొదటే ఊడదీసి పెడదామని పొద్దున్నించీ తిప్పలు పడతాండా.”

మారప్ప లేచి ఆ బోల్టు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. మోకాళ్లు పట్టేసి మూడో మెట్టు మీద ఆగాడు. జ్ఞానప్రకాశం మిగతా బోల్టులు ఒక్కొక్కటే అందించాడు. అద్దం మళ్లీ బిగించడానికి గంటకు పైగా పట్టింది.

ఆదివారం మదనపల్లెలో రెక్క ఊడదీశారు. ఒక వైపు రెక్క తీస్తే బరువుకు ఒరుగుతుందని రెండో దాన్నీ విప్పి గోడకు ఆనించారు. ఇర్ఫాన్ తన మనుషుల్ని నలుగురిని ఇచ్చాడు. పట్టు చిక్కులు పడకుండా వాడే పాత దుప్పట్లు చుట్టి ఎడమ రెక్కను లారీకెక్కించారు. పుంగనూరులో జ్ఞానప్రకాశం ఎక్కాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీ నిదానంగా పోయింది. సోమవారం క్రేను వచ్చింది. రెక్క మొదటిసారే కూర్చుంది. మారప్ప రెండు బోల్టులూ తన చేత్తోనే బిగించాడు. స్కూలు యాజమాన్యం వచ్చి చూసి, రంగు కలవలేదని, దానికి రంగు వేయించాలని చెప్పింది.

రహీం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి పార్కు సంగతి ఇక వద్దని చెప్పాడు. అక్కడున్న గుమాస్తాకు ఏ పార్కో, ఏ విమానమో గుర్తులేదు.

దీపావళి అయిన మూడో రోజు మధ్యాహ్నం రహీం షెడ్డుకు తుక్కు లారీ వచ్చింది. ముందు కుడి రెక్క ఎక్కించారు, తర్వాత తోక, ఆఖరున మొండెం. లారీ బయటికి వెనక్కి వచ్చేటప్పుడు గేటు స్తంభానికి తగలకుండా రహీం పక్కన నిలబడి డ్రైవరుకు చెయ్యి చూపించాడు.